పాత ల్యాప్‌టాప్‌తో ప్రయోగాల బల్ల: ఆటలు, సాఫ్ట్‌వేర్, సొంత వెబ్ పేజీ

ఒక రాత్రి పదకొండింటికి పాత ఆట ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మ వస్తోంది, శబ్దం రావట్లేదు. సౌండ్ డ్రైవర్ మార్చాను. సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు మార్చాను. ఎందుకైనా మంచిదని ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా వేశాను. శబ్దం వచ్చింది, సంతోషంగా పడుకున్నాను. తెల్లారి పని మీద మీటింగులో కూర్చుంటే మైకు పలకలేదు. మూడు మార్పుల్లో ఆటను బాగుచేసింది ఏదో, మైకును పాడుచేసింది ఏదో చెప్పలేను. అన్నీ ఒకటొకటిగా వెనక్కి తీస్తూ పోతే ఆ పూటంతా పట్టింది.

ఆ రోజు నుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ప్రయోగాలకు వేరే కంప్యూటర్. ఒకసారికి ఒకే మార్పు, అది కూడా పుస్తకంలో రాసుకున్నాకే. ఈ హాబీలో నాకు దొరికిన ఆనందంలో ఎక్కువ పాలు ఈ రెండింటి వల్లే దొరికింది. అందుకే ఈ మార్గదర్శి కూడా ఆ వరసలోనే నడుస్తుంది: ముందు పుస్తకం, తర్వాత మెషీన్, ఆ పైన ఆటలు, చివరికి ఆ పుస్తకమే మీ వెబ్ పేజీ అవుతుంది.

ముందు ఒక నోట్‌బుక్ తెరవండి

కాగితం పుస్తకమే కావాలి. కంప్యూటర్‌లోనే ఒక ఫైల్ పెట్టుకోవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. మెషీన్ ఆన్ కాని రోజే ఆ రాతలు చదవాల్సిన అవసరం వస్తుంది, అవేమో ఆ మెషీన్ లోపల ఉంటాయి.

ప్రతి మార్పుకూ నాలుగు సంగతులు రాయండి: తేదీ, ఏం కావాలనుకున్నారు, ఏ విలువను దేని నుంచి దేనికి మార్చారు, ఏం జరిగింది. నా పుస్తకంలోంచి ఒకటి చూడండి: "కావాల్సింది: ఆటలో శబ్దం. మార్పు: ఆట సెటప్‌లో ఐఆర్‌క్యూ 5 నుంచి 7కి. ఫలితం: తుపాకీ మోత వచ్చింది, సంగీతం రాలేదు." ఇంతే. (ఐఆర్‌క్యూ అంటే సౌండ్ కార్డు ప్రాసెసర్‌ను పిలిచే దారి నంబరు.) ఇందులో పాత విలువ రాయడం అన్నిటికంటే ముఖ్యం. కొత్తది తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, పాతది మాత్రం రాసుకోకపోతే పోయినట్టే.

పనిచేయని ప్రయత్నాలు కూడా రాయండి. ఆరు నెలల తర్వాత అదే సమస్య వస్తే అదే గోడకు మళ్లీ తల కొట్టుకోకుండా కాపాడేవి అవే.

మెషీన్‌ను పరీక్షించండి

పది, పన్నెండేళ్ల నాటి ల్యాప్‌టాప్ చాలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటుంది. దాంతో పనికొచ్చే యంత్రాలు బోలెడన్ని మూలన పడ్డాయి. అలాంటిది మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఒకటి ఉండే ఉంటుంది.

అన్నిటికంటే ముందు బ్యాటరీ చూడండి. అడుగు పలక ఉబ్బి కనిపించినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, బల్ల మీద పెడితే ఊగుతున్నా ఆన్ చేయొద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. తెలిసినవాళ్ల చేత తీయించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తాయి.

తర్వాత డిస్క్. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటూ ఉంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో (విండోస్ బదులు వాడుకునే ఉచిత వ్యవస్థ) డిస్క్స్ అనే సాధనం ఆ లెక్కను చూపిస్తాయి. పట్టిక పెద్దగా ఉంటుంది కానీ చూడాల్సినవి మూడే: 5వ నంబరు, 197, 198. పాడైపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్ల) సంఖ్య 5వ దాంట్లో ఉంటుంది. చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి 197లో, ఇక సరిచేయలేనివి 198లో. మూడూ సున్నా అయితే నిశ్చింత. సున్నా కాకపోతే ఆ అంకె పుస్తకంలో రాసి వారం తర్వాత మళ్లీ చూడండి. పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ముఖ్యమైనదేదీ పెట్టొద్దు.

ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒక్క ఎర్ర లైను కనబడినా ఆ ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా విడివిడిగా పరీక్షించాలి. ఇది దాటేసి ముందుకు పోతే, తర్వాత వచ్చే ప్రతి వింత తప్పుకూ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు.

రెండు మార్పులకు మాత్రం కొంచెం డబ్బు పెట్టడం దండగ కాదు. మొదటిది, తిరిగే హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయడం. మెషీన్ వయసు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లయి, కొత్తది 7 అయితే మధ్యలో చిన్న ఫ్రేము కావాలి. రెండోది ర్యామ్. ల్యాప్‌టాప్ డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. గాడి కూడా వేరే చోట ఉంటుంది, కాబట్టి ఒకటి ఇంకోదాంట్లో దిగదు. బలవంతం చేయొద్దు. డీడీఆర్3లో మళ్లీ 1.5 వోల్టులది, 1.35 వోల్టులది అని రెండు రకాలు. పాత పలక మీద ఏం రాసుందో ఫొటో తీసుకుని అదే రకం తెచ్చుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయినట్టు. ఎక్కువగా అది సీఆర్2032 రకం. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అని హెచ్చరిస్తుంది. సైట్ల భద్రతా పత్రాలకు చెల్లుబాటు తేదీలు ఉంటాయి, మీ గడియారం వాటికి బయట ఉంటుంది. ఇది తెలియక ఇంటర్నెట్ పాడైందని గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

తుడిచే ముందు నకలు

ఆ ల్యాప్‌టాప్‌లో ఎవరి ఫొటోలో, ఎవరి కాగితాలో ఉంటాయి. ఏం ఉన్నాయో అడక్కుండా తుడవొద్దు. పాత సూత్రం ఒకటుంది: మూడు నకళ్లు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంకో చోట. నకలు తీశాక ఏవో నాలుగు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని నకలును నేను నకలుగా లెక్కపెట్టను.

లైనక్స్ వేయడం

పాత మెషీన్‌కు నా మొదటి ఎంపిక లైనక్స్ మింట్, అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి తెర ఉన్న రకం. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, 4 ఉంటే హాయి. డిస్క్‌లో 20 జీబీ చోటు కనీసం కావాలి. విండోస్ అలవాటున్నవాళ్లకు కింద పట్టీ, మూల మెనూ అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి.

మింట్ మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైల్‌గా వస్తుంది. డౌన్‌లోడ్ కాగానే దాన్ని పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించొద్దు. డౌన్‌లోడ్ పేజీలోనే షా-256 అనే 64 అక్షరాల వరస ఒకటి ఇస్తారు. మీ ఫైల్‌కు కూడా ఆ లెక్క కట్టి రెండూ పోల్చండి. దారిలో ఒక్క బిట్ మారినా వరస మొత్తం మారిపోతుంది. రెండు నిమిషాల పని. సగం ఇన్‌స్టాలేషన్‌లో ఆగిపోయే గొడవల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

ఆ తర్వాత రూఫస్ లేదా వెంటాయ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేయండి. నేను వెంటాయ్ వైపు మొగ్గుతాను. ఒకసారి సిద్ధం చేసుకుంటే ఐఎస్ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేసి వేసుకోవడమే, ఒకే పెన్‌డ్రైవ్ మీద నాలుగైదు ఉంచుకోవచ్చు. మెమ్‌టెస్ట్ కూడా దాంట్లోనే పెట్టుకోండి.

మెషీన్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ బటన్ నొక్కాలి. తయారీదారును బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా ఏదైనా కావచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి లేచాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కొద్దు. డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే మొత్తం వ్యవస్థ నడుస్తుంది. ఆ స్థితిలోనే వైఫై పట్టిందా, శబ్దం వస్తుందా, మూత మూసి తెరిస్తే లేస్తుందా, తెర వెలుతురు తగ్గించగలుగుతున్నారా చూడండి. నాలుగూ పుస్తకంలో రాయండి. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్.

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటిసారి ఎక్కగానే రెండు పనులున్నాయి: అప్‌డేట్లు వేయడం, టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయడం. మింట్‌తో పాటే వచ్చే ఈ సాధనం వ్యవస్థ ఫైళ్ల స్థితిని దాచిపెడుతుంది. రేపు ఏదో డ్రైవర్ వేసి తెర నల్లబడితే ఈ రోజు స్థితికి వెనక్కి రావచ్చు. మీ సొంత పత్రాలను మాత్రం అది మామూలుగా దాచదు, వాటి నకలు మీ బాధ్యతే.

పాత ఆటలు: వేగం, శబ్దం, ఆకారం

పాత మెషీన్ మీద పాత ఆటలంటే నాకు ప్రాణం. బాల్యం గుర్తొస్తుందని మాత్రమే కాదు. ఆ ఆటలు చిన్నవి, లోపలికి చూడనిస్తాయి.

ముందు హక్కుల సంగతి. ఆట పాతదైనంత మాత్రాన ఉచితం అయిపోదు. మీ దగ్గరున్న అసలు డిస్కులు వాడండి, లేదా హక్కుదారులే ఉచితంగా వదిలినవి తెచ్చుకోండి. 1994లో వచ్చిన బినీత్ ఎ స్టీల్ స్కై అనే సాహస క్రీడను 2003లో ఉచితంగా విడుదల చేశారు. స్కమ్‌వీఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో అది చక్కగా నడుస్తుంది. మొదలుపెట్టడానికి అదే మంచిది, సెట్టింగుల గొడవ దాదాపు లేదు.

విండోస్‌కు ముందు నాటి డాస్ వ్యవస్థ కోసం చేసిన ఆటలకు, ఆ పాత కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. మీ హోమ్ ఫోల్డర్‌లో ఆటల కోసం ఒక ఫోల్డర్ చేసి, ఒక్కో ఆటకు ఒక్కో ఉప ఫోల్డర్ పెట్టండి. పేర్లు ఎనిమిది అక్షరాలు దాటకుండా, ఖాళీలు లేకుండా ఉండాలి. డాస్ ఫైల్ పేరుకు ఎనిమిది, చుక్క తర్వాత మూడు, అంతే చోటు ఇచ్చింది. ఆ ఫోల్డర్‌ను డాస్‌బాక్స్‌లో సి డ్రైవ్‌గా మౌంట్ చేస్తే (అంటే జతచేస్తే) లోపల ఆటకు అది నిజమైన హార్డ్ డిస్క్‌లా కనబడుతుంది. సెట్టింగుల ఫైల్ అడుగున ఆటోఎక్సెక్ అనే భాగం ఉంటుంది. ఆ మౌంట్ లైను అక్కడ రాసేస్తే ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు.

ఇక మూడు చోట్ల అందరూ తడబడతారు.

వేగం. 1981 నాటి ఐబీఎమ్ పీసీ ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ రోజుల్లో కొన్ని ఆటలు గడియారం చూసుకోవు, ప్రాసెసర్ ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా నడుస్తాయి. తర్వాతి కంప్యూటర్ల డబ్బా మీద టర్బో అనే బటన్ ఉండేది. అది చేసే అసలు పని వేగాన్ని తగ్గించడం, పాత ప్రోగ్రాములు తమ మామూలు వేగంతో నడవాలని. డాస్‌బాక్స్‌లో ఆ బటన్ స్థానంలో సైకిల్స్ అనే విలువ ఉంది. 3000 దగ్గర మొదలుపెట్టండి. ఆట మందకొడిగా ఉంటే కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కితే పెరుగుతుంది, కంట్రోల్, ఎఫ్11 తగ్గిస్తుంది. కిటికీ పైపట్టీలో అంకె మారుతూ కనిపిస్తుంది. సరైన చోటు దొరికిందని ఎలా తెలుస్తుంది? పాత్ర నడిచేటప్పుడు అడుగుల శబ్దం, కాళ్ల కదలిక కలిసిపోతాయి. ఆ అంకెను పుస్తకంలో ఆట పేరు పక్కన రాయండి. ప్రతి ఆటకు దాని అంకె దానిదే.

శబ్దం. ఆట సెటప్ ప్రోగ్రాం ఆనాటి సౌండ్ కార్డు సౌండ్ బ్లాస్టర్ వివరాలు అడుగుతుంది. డాస్‌బాక్స్ మామూలుగా ఇచ్చేవి ఇవి: పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎమ్ఏ 1. చాలా సెటప్‌లు ఐఆర్‌క్యూ 5 అని తామే ఊహించుకుంటాయి. నేను మొదట్లో చెప్పిన ఆట మూగబోయింది ఇక్కడే. ఆ రాత్రి మార్చిన మూడింటిలో ఏదీ అవసరం లేదు, ఆట సెటప్‌లో ఈ ఒక్క అంకె మారిస్తే సరిపోయేది. సంగీతం మాత్రం వేరే ప్రశ్న. దాని ఎంపిక సెటప్‌లో విడిగా ఉంటుంది, అక్కడ యాడ్‌లిబ్ (అదీ ఆనాటి సౌండ్ కార్డే) లేదా సౌండ్ బ్లాస్టర్ ఎంచుకోండి.

ఆకారం. ఇది చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం వదలను. ఆనాటి ఆటల బొమ్మ 320 నిలువు వరసలు, 200 అడ్డ వరసలు. ఆ అంకెలను చూస్తే 16:10 అనిపిస్తుంది. కానీ అప్పటి మానిటర్లు 4:3, బొమ్మను తెర నిండా పరిచేవి. అంటే ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు. చిత్రకారులు దాన్ని చూసుకునే గీశారు. ఇప్పటి తెర మీద చుక్కలు చతురస్రాలైతే మనుషులు పొట్టిగా, ముఖాలు అణిగిపోయి కనిపిస్తారు. డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ఆస్పెక్ట్ అనే విలువను ట్రూ చేయండి. పరీక్ష కావాలంటే ఆటలో ఒక గుండ్రని వస్తువు వెతకండి, చందమామో గోడ గడియారమో. స్కేలు తెర మీద ఆనించి అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండూ సమానమయ్యాక గీసినవాళ్లు చూసిన బొమ్మే మీరూ చూస్తున్నారు.

కొత్త విండోస్ ఆటల విషయం రెండు మాటల్లో: 1993లో మొదలైన వైన్, దాని పునాది మీద 2018లో వచ్చిన ప్రోటాన్ లైనక్స్‌లో వాటిని నడిపిస్తాయి. పాత ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సామర్థ్యం చూసుకుని దిగండి.

ఆట పొట్ట విప్పి చూడటం

ఆడటం ఒక ఎత్తు, ఆట ఎలా కట్టారో చూడటం ఇంకో ఎత్తు. అందుకు డూమ్ అనే తుపాకీ ఆటను మించినది నాకు తెలియదు. అది 1993 డిసెంబర్‌లో వచ్చింది. దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల రాతను, 1997 డిసెంబర్‌లో బయటపెట్టారు. అసలు ఆటలోని బొమ్మలు, శబ్దాలు మాత్రం ఉచితం కాదు. వాటి బదులు ఎందరో కలిసి మొదటి నుంచి చేసిన ఫ్రీడూమ్ ఉంది. పాత ల్యాప్‌టాప్ మీద క్రిస్పీ డూమ్ అనే ప్రోగ్రాంతో అది బాగా ఆడుతుంది.

ఆట సామగ్రి అంతా వ్యాడ్ అనే ఒకే ఫైల్లో ఉంటుంది. ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి, నకలును హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. హెక్స్ ఎడిటర్ ఫైల్లోని ప్రతి బైటునూ ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మొట్టమొదటి నాలుగు బైట్లు కుడివైపు అక్షరాలుగా చదవొచ్చు: ఐ, డబ్ల్యూ, ఏ, డీ. ఇది అసలు వ్యాడ్ అని చెప్పే ముద్ర అది. తర్వాతి నాలుగు బైట్లు లోపల ఎన్ని వస్తువులున్నాయో చెబుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది: చిన్న స్థానం ముందు వస్తుంది. ఆ నాలుగూ 10, 01, 00, 00 అని ఉన్నాయనుకోండి. ఇవి పదహారు ఆధారంగా రాసిన అంకెలు. మొదటిది 16, రెండోది 256, కలిపితే 272 వస్తువులు. మీ ఫైల్లో ఉన్న అంకెలు తీసుకుని కాగితం మీద లెక్క కట్టండి. ఆ తర్వాతి నాలుగు బైట్లు విషయసూచిక ఫైల్లో ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. అంతటితో 12 బైట్ల తల అయిపోయింది.

విషయసూచిక దగ్గరికి దూకితే ప్రతి వస్తువుకూ సరిగ్గా 16 బైట్లు కేటాయించి ఉంటాయి: ఎక్కడుందో నాలుగు, ఎంత పొడవో నాలుగు, పేరుకు ఎనిమిది. మొదటి తెర బొమ్మ పేరు టైటిల్‌పిక్. ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు, ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. నేను మొదటిసారి ఈ లెక్క కట్టి, సూచిక చెప్పిన చోటికి వెళ్లి, అక్కడ నిజంగానే ఆ పేరు చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పటిదాకా ఫైల్ అంటే తాళం వేసిన పెట్టె. ఆ తర్వాత ఏ ఫైల్‌ను చూసినా దీని సూచిక ఎక్కడుందా అని వెతకడం అలవాటైంది.

ఇక మార్చడం. అసలు వ్యాడ్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. స్లేడ్ అనే ఉచిత ఎడిటర్‌లో ఖాళీగా ఒక చిన్న వ్యాడ్ సృష్టించండి. మీరు గీసిన 320 బై 200 బొమ్మను అందులో వేసి, స్లేడ్ చేత డూమ్ బొమ్మ రూపంలోకి మార్పించి, టైటిల్‌పిక్ అని పేరు పెట్టండి. ఈ చిన్న వ్యాడ్‌ను అసలుదానితో పాటు తెరిస్తే ఒకే పేరున్న రెండింటిలో తర్వాత వచ్చిందే కనిపిస్తుంది. ఆట మీ బొమ్మతో మొదలవుతుంది. నచ్చకపోతే చిన్న ఫైల్ తీసేయండి, అసలు ఆట చెక్కు చెదరదు. పాతదాన్ని అలాగే ఉంచి, మార్పును విడిగా పక్కన పెట్టడమనే ఈ ఏర్పాటు మన నోట్‌బుక్ పద్ధతికి దగ్గరి చుట్టం.

పుస్తకాన్ని వెబ్ పేజీగా మార్చడం

ఈపాటికి పుస్తకంలో పది, పదిహేను పేజీలు నిండి ఉంటాయి. ఏ ఆటకు ఎన్ని సైకిల్స్, ఏ సెట్టింగు ఎందుకు. ఇదే మీ మొదటి వెబ్ పేజీకి సరుకు. ఏం రాయాలో తెలియక ఖాళీ పేజీ ముందు కూర్చోవాల్సిన అవసరం లేదు.

రెడీమేడ్ సాధనాలు వద్దు, మామూలు టెక్స్ట్ ఎడిటర్ చాలు. ఇండెక్స్ పేరుతో ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఫైల్ తెరిచి చేత్తో రాయండి. పైన ఉండాల్సినవి: ఇది ఆధునిక హెచ్‌టీఎమ్‌ఎల్ అని చెప్పే మొదటి లైను, భాష తెలుగు అని సూచన, అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అనే లైను, ఫోన్ తెర వెడల్పుకు ఒదగమని చెప్పే వ్యూపోర్ట్ లైను, పేజీ పేరు. తర్వాత శీర్షికలు, పేరాలు, ఒక పట్టిక.

యూటీఎఫ్-8 లైను మరిచిపోతే ఏమవుతుందో కావాలనే ఒకసారి చూడండి. ఆ లైను తీసి పేజీ తెరిస్తే, బ్రౌజర్ ఊహ తప్పిన చోట తెలుగు బదులు చిత్రమైన గుర్తుల వరస వస్తుంది: తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, దాని పక్కన తరచూ డిగ్రీల గుర్తు, ఆ పక్కన ఇంకేదో, మళ్లీ అదే ఏ. ఈ మూడేసి గుంపులు ఊరికే రాలేదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. పాత పద్ధతిలో చదివే బ్రౌజర్ ఒక్కో బైటును ఒక్కో అక్షరం అనుకుంటుంది.

ఇంకాస్త లోతుకు వెళ్దాం. "తెలుగు" అన్న మాట కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ లోపల అది ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరింటికి 18 బైట్లు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో జావాస్క్రిప్ట్‌ను (బ్రౌజర్‌కు అర్థమయ్యే ప్రోగ్రామింగ్ భాష) ఆ మాట పొడవెంత అని అడగండి, ఆరు అంటుంది. మాటను తిరగేసి రాయమంటే కొమ్ములు తమ అక్షరాలకు ముందు వచ్చి పడి అంతా చెదిరిపోతుంది. కంటికి కనిపించే అక్షరాల లెక్క కావాలంటే జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ అనే ఏర్పాటు ఉంది, అది మూడు అని సరిగ్గా చెబుతుంది. తెలుగులో వెబ్ పని చేసేవాళ్లందరూ ఈ పరీక్ష ఒక్కసారైనా స్వయంగా చేసి చూడాలని నా కోరిక.

అందం విషయంలో తెలుగుకు కావాల్సింది చోటు. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం మనకు ఇరుకు. లైన్-హైట్ 1.7 చుట్టూ పెట్టి "స్త్రీ" లాంటి మాటలున్న రెండు వరసలు రాసి చూడండి, కింది వరస నెత్తిన వత్తు తగలకూడదు. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగును తెలుగుకు అసలు వాడొద్దు.

ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి చూడటం కంటే చిన్న సర్వర్ నడపడం మేలు, నిజమైన సైటు ఎలా ప్రవర్తిస్తుందో అప్పుడే తెలుస్తుంది. మింట్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ముందే ఉంటుంది. మీ పేజీ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి, పైథాన్3కి హెచ్‌టీటీపీ సర్వర్ అనే మాడ్యూల్ నడపమని చెబితే 8000 పోర్టు మీద పేజీ లేస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా, 8000 కొట్టి చూడొచ్చు. జాగ్రత్త: ఏ ఫోల్డర్‌లో నడిపితే ఆ ఫోల్డర్ మొత్తం ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకు తెరిచి పెట్టినట్టే. హోమ్ ఫోల్డర్‌లో ఎప్పుడూ నడపొద్దు. రౌటర్‌లో పోర్టు తెరిచి ఈ సర్వర్‌ను బయటి ప్రపంచానికి చూపించొద్దు, ఇది ఇంట్లో పరీక్షల కోసమే.

బయట పెట్టాలనుకున్నప్పుడు స్థిర పేజీలను ఉచితంగా ఉంచే సేవలు చాలా ఉన్నాయి. ఎక్కించే ముందు మూడు చూడండి. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయా? విండోస్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే, లైనక్స్ సర్వర్‌కు కాదు. ఇంట్లో విండోస్ మీద కనిపించిన బొమ్మ అక్కడ మాయమయ్యేది ఎక్కువగా ఇందుకే. బొమ్మల అసలు కొలత ఎంత? 4000 చుక్కల ఫొటోను పేజీలో 400కి కుదించి చూపినా చదివేవాళ్ల ఫోన్ మొత్తం ఫైల్‌ను దించుకుంటుంది, ముందే చిన్నది చేయండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో తీసిన చోటు వివరాలు దాగి ఉండొచ్చు, అవి తుడిచేశారా?

పేజీ రెండు మూడుసార్లు మారాక, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ నేర్చుకోండి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ అభివృద్ధి కోసం రాసిన ఈ సాధనం మన నాలుగు సంగతుల పద్ధతినే యంత్రం చేత చేయిస్తుంది: తేదీ, ఉద్దేశం, పాత విలువ, కొత్త విలువ. ఉద్దేశం, ఫలితం మాత్రం మీరే రాయాలి. మొదట నాలుగైదు ఆదేశాలు చాలు, మిగతావి అవసరం పడినప్పుడు.

ఒక నెల తర్వాత, మళ్లీ మొదటి నుంచి

ఇది చాలామంది చేయరు, నేను గట్టిగా చెబుతాను. నెల గడిచాక, నకళ్లు తీసి, తెరిచి చూసుకుని, ప్రయోగాల మెషీన్‌ను పూర్తిగా తుడిచేయండి. స్నాప్‌షాట్ సాయం లేకుండా, కేవలం నోట్‌బుక్ చూస్తూ మళ్లీ అదే స్థితికి తీసుకురండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాత తక్కువైందని అర్థం. ఆ ఖాళీని అప్పుడే ఎర్ర సిరాతో పూరించండి.

మొదటిసారి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. వైఫై డ్రైవర్ పేరు రాసుకోలేదు, తెలుగు కీబోర్డు అమరిక ఎక్కడుందో రాసుకోలేదు, రెండు ఆటలకు సైకిల్స్ అంకె లేదు. శబ్దం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేజీ తిప్పగానే ఐఆర్‌క్యూ 7 అని కనిపించింది. నిమిషంలో తుపాకీ మోగింది. దాని కింద వేరే తేదీతో ఇంకో లైను కూడా ఉంది: "సంగీతానికి యాడ్‌లిబ్ ఎంచుకోవాలి." అదీ చేశాను. ఆ రాత్రి సెట్టింగులు ముట్టుకోకుండా పన్నెండింటి దాకా ఆడుకున్నాను.